ఒడికి బెల్టు ఉండదు

నాకు డ్రైవింగ్ లైసెన్సు వచ్చిందని అమ్మకి నేను చెప్పలేదు. అక్క చెప్పింది. నేనే చెప్పాలని ఫోను పట్టుకుని కాసేపు కూర్చున్నాను గానీ, నా గురించిన మంచి వార్త నా నోటితో చెప్పడం నాకెప్పుడూ చేతకాదు. ఆ రాత్రి డైరీలో మాత్రం రెండు పేజీలు నింపాను. ఫోటోలో నా మొహం దొంగతనం చేసి పట్టుబడ్డ మనిషిలా ఉందని కూడా రాశాను.

అమ్మ కూడా ఇక్కడే, బహ్రెయిన్‌లోనే ఉంటుంది. బుసైతీన్‌లో ఒక ఇంట్లో పనిచేస్తుంది. నేను పలక పట్టుకుని బడికి వెళ్ళే రోజుల్లో ఇక్కడికి వచ్చింది. ఆ ఇంటి పిల్లలు ముగ్గురూ ఆమె చేతుల్లోనే పెరిగారు. అక్కా నేనూ గోదావరి పక్కన అమ్మమ్మ చేతుల్లో పెరిగాం. అక్క పెళ్ళి చేసుకుని బావతో వచ్చింది. బావ ఏసీలు బిగించే కంపెనీలో సూపర్‌వైజరు. డిగ్రీ అయ్యాక నేనూ వచ్చి జుఫైర్‌లో ఒక క్లినిక్‌లో రిసెప్షన్‌లో చేరాను. జిదాఫ్స్‌లో అక్కావాళ్ళ ఫ్లాట్‌లోనే ఉంటాను. అలా ముగ్గురం ఒక్క దేశంలోకి చేరాం గానీ అమ్మ మాకు దొరికేది శుక్రవారాలే. అదీ ఆ ఇంటికి చుట్టాలెవరూ రాకపోతేనే.

డ్రైవింగ్ నేర్చుకోమన్నది బావ. అక్కకి నెలలు నిండుతున్నాయి, తన డ్యూటీ ఎప్పుడు ఎక్కడ పడుతుందో తనకే తెలియదు, ఇంట్లో ఇంకొకరికి కారు వచ్చి ఉండాలి అన్నాడు. నేను సరే అన్నాను. ఎవరైనా ఏదైనా చెయ్యమంటే సరే అనడం నాకు తేలిక.

నాకు నేర్పిన ఆవిడ ఇక్కడి మనిషే. నల్లటి అబాయా, దాని కింద పరుగెత్తడానికి వేసుకునే బూట్లు. హిందీ, ఇంగ్లిషు, అరబ్బీ మూడూ కలిపి మాట్లాడేది. మొదటి వారం అంతా నాతో ఒకటే గొడవ. మన ఊళ్ళో బండ్లు ఎడమవైపు వెళ్తాయి, ఇక్కడ కుడివైపు. అది త్వరగానే అలవాటైంది. అలవాటు కానిది రౌండబౌట్, సిగ్నల్ లేని గుండ్రటి కూడలి. లోపల తిరుగుతున్న బండికి బయటివాళ్ళు దారి ఇవ్వాలి. అది బాగా అర్థమైంది, ఎంతసేపైనా నిలబడి దారి ఇచ్చేదాన్ని. చిక్కు నేను లోపలికి వెళ్ళాకే వచ్చేది. బయట ఎవరో ఎదురుచూస్తూ కనిపిస్తే లోపల ఉన్నదాన్ని కూడా ఆగిపోయేదాన్ని. ముందు మీరు రండి అన్నట్టు. ఆవిడ తన వైపు ఉన్న బ్రేకు మీద కాలు పెట్టుకుని, "యల్లా, యల్లా! వెళ్ళు! నువ్విక్కడ మర్యాద చూపిస్తున్నావు. వెనక వస్తున్నవాడు వచ్చి నీ మర్యాదని గుద్దుతాడు" అనేది.

ట్రాఫిక్ చట్టాల పుస్తకం మాత్రం నాకు నచ్చింది. పరీక్ష కోసం ఇచ్చినది. క్లినిక్‌లో జనం లేనప్పుడు బల్ల కింద పెట్టుకుని నవల చదివినట్టు చదివాను. అందులో ఎవరూ ఎవరి మీదా కోప్పడరు. నువ్వు ఆగు, ఆయన వెళ్తాడు. ఇప్పుడు నువ్వు వెళ్ళు, ఆయన ఆగుతాడు. ముందే అన్నీ నిర్ణయమై ఉన్నాయి. నాలాంటి మనిషికి అంతకన్నా కావలసింది ఏముంటుంది?

అక్క సంగతి ఒకసారి ఆవిడతో అన్నాను. మరుసటి క్లాసులో ఆవిడ బండిని ఒక ఖాళీ స్థలంలోకి తిప్పించి, నన్ను పక్క సీట్లో కూర్చోమంది. వెనక సామానులోంచి బాస్మతి బియ్యం సంచీ తీసి నా ఒళ్ళో పెట్టింది.

"రెండు చేతులతో పట్టుకో. బిడ్డని పట్టుకున్నట్టు."

పట్టుకున్నాను. ఆవిడ నెమ్మదిగానే నడిపింది, మన సందుల్లో వెళ్ళేంత నెమ్మదిగా. ఉన్నట్టుండి బ్రేకు వేసింది. నన్ను బెల్టు ఆపింది. సంచీ నా చేతుల్లోంచి వెళ్ళిపోయి ఎదురుగా డాష్‌బోర్డుకి కొట్టుకుని చిరిగి, నా కాళ్ళ దగ్గర పడింది.

"ఎంత గట్టిగా పట్టుకున్నావు?" అని అడిగింది.

"చాలా గట్టిగా."

"తల్లులందరూ చాలా గట్టిగానే పట్టుకుంటారు," అంది ఆవిడ. తర్వాత ఇద్దరం కిందకి వంగి బియ్యం ఏరాం. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాయలేదు.

పుట్టబోయే పాప కోసం కారులో పెట్టే సీటు మా పై అంతస్తులో ఉండే ఫిలిప్పీన్స్ వాళ్ళు ఇచ్చారు. వాళ్ళు తమ దేశం వెళ్ళిపోతూ, దాని వివరాలున్న చిన్న పుస్తకంతో సహా దిగి వచ్చి ఇచ్చారు. బావా నేనూ పార్కింగ్‌లో చెమటలు కక్కుతూ దాన్ని బావ కారు వెనక సీట్లో బిగించాం. "మరదలా, దీనికన్నా మేడ మీద కంప్రెసర్ ఎక్కించడం తేలిక," అన్నాడు బావ. తర్వాత నేను దిండుకి పాప గౌను తొడిగి బెల్టు పెట్టడం, తీయడం సాధన చేశాను. పక్క కారులో కూర్చున్న ఆయన అదంతా చూస్తున్నాడని తర్వాత తెలిసింది. ఆ సిగ్గుకి రెండు రోజులు వెనక మెట్ల మీదుగా దిగాను.

పాప పుట్టినప్పుడు బావ ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఇంటికి తీసుకువెళ్ళే రోజుకి మాత్రం ఏదో ప్లాంటు ఆపి మరమ్మతులు చేస్తున్నారని ఓవర్‌టైం డ్యూటీ పడింది. అది శుక్రవారం. అదృష్టం బాగుండి అమ్మకి సెలవు దొరికింది. ఆ ఇంటి మేడం తనే కారులో దింపించింది. వంతెన అవతల ముహర్రక్ వైపున్న ఆ ఆసుపత్రికి నేను వెళ్ళేసరికే అమ్మ తలస్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, పాపని ఎత్తుకుని కిటికీ దగ్గర నిలబడి ఉంది. తన పాత నూలు చీర నాలుగు మడతలు పెట్టి పాప చుట్టూ చుట్టింది. నేను గదిలోకి వచ్చినా తల ఎత్తలేదు.

"రా, రా. మీ పిన్నొచ్చింది సూడు. పెద్ద డ్రైవరమ్మ," అంది పాపతో.

కారుని ఆసుపత్రి గుమ్మం ముందున్న షెడ్డు కిందకి తెచ్చాను. అక్కడ ఎక్కువసేపు ఆపకూడదని బోర్డు ఉంది. అక్కని చక్రాల కుర్చీలో తోసుకుంటూ ఆసుపత్రి మనిషొకాయన వచ్చాడు. మా తెలుగు విని, తనది జగిత్యాల దిక్కు అని చెప్పుకున్నాడు. అమ్మ పాపని ఎత్తుకుని ముందు నడిచి, వెనక తలుపు తీసి ఆగిపోయింది.

"ఇదేంటే?"

"పాప సీటమ్మా."

"సీటెందుకు? నేను లేనా?"

అమ్మ వంగి సీటు లోపలికి చూసింది.

"ఎనక్కి తిప్పి పెట్టావేంటి? పిల్ల మన మీద అలిగి అటు తిరిగి కూచున్నట్టు?"

"చిన్నపిల్లలకి అలాగే పెట్టాలమ్మా. మెడ నిలబడేదాకా."

"ఈ తాళ్ళేంటి మరి? మేకపిల్లా కట్టెయ్యడానికి? తియ్, తీసి ఎనకాల డిక్కీలో పడెయ్. పొద్దున్నుంచీ అనుకుంటన్నాను, పిల్లని ఒళ్ళో ఏసుకుని వంతెన దాటాలని."

"ఇక్కడ అలా కూడదమ్మా. రూలు."

"రూలు నాకు సెప్తావా? నీకు పాలపళ్ళు ఊడినప్పట్నుంచీ ఉంటన్నాను ఈ దేశంలో. మేడం పిల్లలు ముగ్గురూ నా ఒళ్ళోనే తిరిగారు. ఏవైంది ఆళ్ళకి? పెద్దోడు ఇప్పుడు కారు తోల్తన్నాడు."

మా వెనక ఇంకో కారు వచ్చి ఆగింది. హారన్ కొట్టలేదు. ఇక్కడ చాలామంది కొట్టరు. కొట్టకుండా ఎదురుచూస్తుంటే నాకింకా కష్టం.

"చెల్లే, ఎన్క బండ్లొస్తున్నయ్. జర జల్ది," అన్నాడు ఆసుపత్రి ఆయన.

అమ్మ ఆయన వైపు తిరిగింది. "నువ్వు సెప్పు బాబూ. చారెడంత పిల్లని ఇందులో కట్టేస్తారంట."

"మా దిక్కు ఒక్క బండి మీద నల్గురం పోతమమ్మా. గీ దుబాయిల అన్నిటికీ రూల్సే."

"దుబాయేంటి బాబూ? ఇది బహ్రెయిన్ కదా."

"మాకు అన్నీ దుబాయే అమ్మా."

చక్రాల కుర్చీలో అక్క కడుపు పట్టుకుంది. "నవ్వించకండి బాబోయ్. కుట్లు లాగుతున్నాయి," అని, నా వైపు చూసి మెల్లిగా, "పోనీవే. పది నిమిషాల దారి. అమ్మ ముచ్చట పడుతోంది కదా," అంది.

పది కాదు, ఇంకా ఎక్కువే. కానీ అది కాదు సంగతి. ఇంతమంది ఒక మాట అంటుంటే నేను అప్పటికే సరే అనేసి ఉండాలి. నా నోట్లో ఆ మాట తయారుగానే ఉంటుంది ఎప్పుడూ. ఆ రోజు రాలేదు. కళ్ళ ముందు బియ్యం సంచీ కనిపిస్తోంది.

అది చెప్పేస్తే అయిపోయేది. సంచీ ఎలా వెళ్ళిపోయిందో, ఎలా చిరిగిందో రెండు ముక్కల్లో చెబితే అమ్మ మారు మాట్లాడేది కాదు. కానీ ఎలా చెప్పను? మా ఇంట్లో ఎవరైనా గుమ్మం దాటుతుంటే ఎక్కడికి అని కూడా అడగరు. పసిపిల్ల మొదటిసారి ఇంటికి వెళ్తోంది. శుభమా అని బయల్దేరే వేళ, ఆ పిల్లని చేతుల్లో పెట్టుకున్న మనిషి మొహం మీద అలాంటి మాట అనడం నాకు ఏ క్లాసులోనూ నేర్పలేదు. నేను అంత ఇష్టంగా చదివిన చట్టాల పుస్తకం నిండా అవే మాటలని అప్పుడు తోచింది. గుద్దుకోవడం, గాయం, మరణం. అందులో ఒక్కటి కూడా అమ్మ చెవిన వేసేది కాదు.

అమ్మ ఈలోగా రాజీకి వచ్చింది. "సరే, సీటు మెత్తగానైనా చేద్దాం," అని పాపకి చుట్టిన చీర మడతలు విప్పి, సీటులో పరవడం మొదలుపెట్టింది. ఎంత సంతోషం వేసిందో నాకు. ఊపిరి పీల్చుకున్నాను. వెంటనే గుర్తొచ్చింది. ఒంటికీ బెల్టుకీ మధ్య, ఒంటికీ సీటుకీ మధ్య మందంగా ఏదీ ఉండకూడదు. బట్ట నలిగితే బెల్టు వదులవుతుంది. ఆ చిన్న పుస్తకంలో బొమ్మ గీసి, దాని మీద అడ్డంగా ఎర్ర గీత గీశారు.

"కింద చీర వద్దమ్మా," అన్నాను.

అమ్మ చెయ్యి ఆగింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. పాపని మళ్ళీ భుజాన వేసుకుని, కారు తలుపుకి ఆనుకుని నిలబడింది.

"మీ ఇద్దర్నీ ఎత్తుకుని నేనెక్కడికెల్లాను సెప్పు? నువ్వు నా ఒళ్ళో కూచుని బస్సెక్కింది గుర్తుందా నీకు? నాకు లేదు. ఎవరి పిల్లల్నో ఒళ్ళో ఏసుకుని ఈ ఊరంతా తిరిగాను. ఈ దేశమంతా తిరిగాను. బీచికెల్లాను, మాలుకెల్లాను. మనదంటూ పుట్టింది ఇది. ఒక్కసారి ఒళ్ళో ఏసుకుని ఇంటికి తీసుకెల్తానంటే సీటు, తాళ్ళు అంటన్నావు."

గట్టిగా అనలేదు. పాప వీపు నిమురుతూ, ఆ పిల్లకే చెబుతున్నట్టు అంది. ఆసుపత్రి ఆయన తల దించుకుని చక్రాల కుర్చీ బ్రేకు సరిచేసుకున్నాడు. అక్క నన్ను చూడడం మానేసింది.

నేను వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చున్నాను. తాళం తిప్పలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

"ఏమే?" అంది అమ్మ బయటినుంచి.

"నాకు భయమేస్తోందమ్మా."

ఎందుకలా అన్నానో తెలియదు. కావాలని ఆలోచించి అన్న మాట కాదు. చెప్పగలిగినవాటిలో నిజమైనది అదొక్కటే ఉంది.

"దేనికి?"

"కొత్త కదా. పాప బండిలో ఉండగా తోలడం భయంగా ఉంది. పాప సీట్లో ఉంటే కొంచెం ధైర్యంగా ఉంటుంది. లేకపోతే నా వల్ల కాదు. నేను బండి తియ్యలేను."

ఇంత పొడుగు మాట నేను అమ్మతో ఎప్పుడూ మాట్లాడలేదేమో. ఫోన్లో కూడా అవును, కాదు, తిన్నాను, బాగానే ఉన్నాను, అంతే. అమ్మ తలుపు వదిలేసి, చుట్టూ తిరిగి నా కిటికీ దగ్గరికి వచ్చింది. భుజాన పాపతోనే వంగి నా మొహం చూసింది. నా చేతులు చూసింది. అవి ఇంకా ఒళ్ళోనే ఉన్నాయి.

"ఇంత భయం పెట్టుకుని ఇక్కడిదాకా ఎలా తెచ్చావే బండి?"

"అప్పుడు పాప లేదు కదమ్మా."

"నాకు ముందే సెప్పొచ్చు కదా. రూలు రూలు అంటావు. భయమని సెప్తే నేనేవైనా అన్నానా?" అమ్మ తన చెయ్యి నా చేతి మీద వేసింది. ఆ ఇంట్లో వేసే సాంబ్రాణి వాసన, డెటాల్ వాసన. "ఖలాస్. పెడదాం. నీ కోసం పెడతన్నాను. రూలు కోసం కాదు, తెలిసిందా?"

"ఊఁ."

"దిగు. దిగి సూపించు, ఎలా కట్టాలో."

దిగాను. పాపని సీట్లో పడుకోబెట్టినప్పుడు అమ్మ చేతులు వెంటనే బయటికి రాలేదు. తల కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి అలాగే ఉంచింది. నేను బెల్టు బకిల్ నొక్కాక ఒక్కొక్కటిగా తీసింది. పైన చీర కప్పొచ్చని చెప్పాను. "ఏదోటి ఒప్పుకున్నావు," అని కాళ్ళ దగ్గర్నుంచి గుండెల దాకా కప్పి, పాప పక్కన కూర్చుంది. అక్కని అవతలి తలుపు దగ్గర మెల్లిగా కూర్చోబెట్టాం. వెనక కారులో ఉన్న ఆయనకి చెయ్యి ఎత్తి క్షమించమన్నట్టు చూశాను. ఆయన కూడా చెయ్యి ఎత్తి, తొందరేం లేదన్నట్టు ఊపాడు.

"పైలంగ పోండ్రి చెల్లే," అన్నాడు జగిత్యాల ఆయన.

బయల్దేరాం. శుక్రవారం పొద్దున్న కాబట్టి రోడ్లు ఖాళీగానే ఉన్నాయి. నేను కుడి చివర లేన్‌లో, నెమ్మదిగా వెళ్ళేవాళ్ళ లేన్‌లో వెళ్తున్నాను. వంతెన ఎక్కేముందు ఒకడు వెనకనుంచి లైట్లు కొట్టి పక్కనుంచి దూసుకుపోయాడు.

"ఆడికేం పోయేకాలం?" అంది అమ్మ. "నువ్వు నీ దారిన నెమ్మదిగా పో. ఆడెల్తే ఎల్లనీ."

సరిగ్గా వంతెన మధ్యలోకి వచ్చాక పాప ఏడ్చింది. ముందు పిల్లి కూసినట్టు చిన్నగా. తర్వాత ఆ చిన్న గొంతులో ఎంత బలం ఉందో అంతా బయటికి వచ్చింది. రెండు పక్కలా సముద్రం. వంతెన మీద ఆపకూడదు. ఆపినా పక్కనుంచి బండ్లు వేగంగా పోతుంటాయి. అద్దంలోకి చూడాలనిపించింది. చూడలేదు. ముందున్న తెల్ల లారీ వెనక చక్రాల మీదే కళ్ళు పెట్టుకున్నాను.

"ఆకలేస్తోందేమో. ఆపవే," అంది అక్క. తనూ ఏడుస్తోంది.

"ఇక్కడ ఆపకూడదక్కా. వంతెన దిగగానే ఆపుతాను."

"ఓ లచ్చుమీ, ఓ బంగారూ. వచ్చేసాం, వచ్చేసాం," అంటోంది అమ్మ. పాప వినడంలేదు.

వెనక టక్కుమని చప్పుడు వినిపించింది. బకిల్ చప్పుడు. నా చేతులు స్టీరింగ్ మీద బిగుసుకున్నాయి.

"అమ్మా, ఆ చప్పుడేంటి?"

అద్దం వైపు చూడకుండానే మళ్ళీ పిలిచాను.

"అమ్మా."

"నాదేలే. పాపది తియ్యలేదు. నాదే తీసాను. వంగుతుంటే పట్టుకుంటంది, ఎద్దుకి ముకుతాడేసినట్టు."

"పెట్టుకో అమ్మా."

"పిల్ల గుక్కపెట్టి ఏడుస్తంటే..."

"నాకు భయమేస్తోందమ్మా."

"నీ భయం తగలెయ్యా," అంది అమ్మ. తర్వాత మళ్ళీ టక్కుమంది. "పెట్టుకున్నాను. నువ్వు ముందుకి సూసి తోలు."

ఆ తర్వాత అమ్మ పాపతో మాట్లాడడం మానేసి నాతో మాట్లాడడం మొదలుపెట్టింది. ఆ ఏడుపు మీదుగా, ఏడుపే లేనట్టు. సముద్రం తగ్గుముఖంలో ఉందని, అటు ఆ పడవలన్నీ చేపలవని, మేడం వాళ్ళ ఊళ్ళో రొయ్యలు మన రొయ్యలంత తియ్యగా ఉండవని, నా చిన్నప్పుడు నేను కూడా ఇలాగే ఏడ్చేదాన్నని. "నువ్వు ఇంతకంటే గట్టిగా ఏడ్చేదానివి. ఈది సివరిదాకా ఇనిపించేది. ఇప్పుడెందుకో గొంతే లేదు నీకు," అంది. నాకు నవ్వూ, ఏడుపూ రెండూ వచ్చాయి. రెండూ మింగేసి వంతెన దిగాను.

దిగాక మొదట కనిపించిన పెట్రోలు బంకులోకి తిప్పి, కోల్డ్ స్టోర్ అనే చిన్న కిరాణా కొట్టు ముందున్న ఖాళీలో ఆపాను. ఇంజన్ ఏసీ కోసం నడవనిచ్చి, హ్యాండ్ బ్రేకు లాగాను. "ఇప్పుడు తియ్యొచ్చమ్మా," అనగానే అమ్మ బకిల్ నొక్కింది. అప్పుడే నేర్చేసుకుంది. పాపని అక్క చేతికి ఇచ్చి, చీర అడ్డం పట్టుకుని కూర్చుంది. పాప పాలు తాగుతుంటే కారులో ఆ చిన్న గుటకల చప్పుడు ఒక్కటే. కోల్డ్ స్టోర్ నుంచి ఒకాయన పెరుగు డబ్బాలు పట్టుకుని వెళ్తూ మా కారు వైపు చూసి, వెంటనే మొహం తిప్పుకుని నడిచాడు.

పాప నిద్రపోయింది. ఇప్పుడు అమ్మ అడుగుతుందేమో, ఇంక కొంచెం దూరమే కదా, నిద్రపోతున్న పిల్లని కదపడమెందుకు అని. నేను వెనక్కి తిరిగి కూర్చున్నాను. ఏం చెప్పాలో ఆలోచించుకోలేదు. అమ్మ అడగలేదు. పాపని తీసుకుని, సీట్లో పడుకోబెట్టి, ఆ చిన్న చేతులు బెల్టుల్లోకి దూర్చింది. బకిల్ పెట్టి, గుండెల దగ్గర బెల్టు లాగి, మళ్ళీ కొంచెం వదిలి, దాని కిందకి తన చూపుడువేలు పెట్టి చూసింది.

"ఎంత బిగించాలి?" అంది.

"ఒక వేలు పట్టేంత వదులుండాలని రాశారమ్మా."

అమ్మ నా వైపు చూసింది. "మొలతాడులాగా."

"ఆఁ?"

"పిల్లకి మొలతాడు ఎలా కడతారే? ఒక ఏలు పట్టాలి. ఏలు పట్టకపోతే ఒత్తుకుంటది. రెండు పడితే జారిపోద్ది. ఈ ముక్క ముందే సెప్పుంటే ఇంత రాద్ధాంతం ఉండేది కాదు కదా." మళ్ళీ ఒకసారి వేలు పెట్టి, అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. "సరిపోయింది. ఇంక తియ్ బండి."

జిదాఫ్స్ చేరేసరికి శుక్రవారం సంత జనం రోడ్డు దాటుతున్నారు. ప్రతిచోటా ఆగి దారి ఇచ్చాను. ఇక్కడ దారి ఇవ్వడం తప్పేమీ కాదు.

ఇంట్లోకి రాగానే అమ్మ గుమ్మం దగ్గర దిష్టి తీసింది. అక్కని మంచం మీద పడుకోబెట్టి దుప్పటి కప్పింది. తర్వాత హాల్లో గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని, కాళ్ళు చాపి, చీర సర్దుకుని చేతులు చాచింది. నేను పాపని తెచ్చి ఇచ్చాను.

అప్పటినుంచీ కదల్లేదు. సాయంత్రం లోపల బుసైతీన్ వెళ్ళిపోవాలి. మేడం వాళ్ళ ఇంటికి రాత్రి చుట్టాలొస్తున్నారు. వంట నేనే చేశాను. చారు, బీరకాయ కూర, అక్కకి మిరియాల అన్నం. తినడానికి లెమ్మంటే అమ్మ తల అడ్డంగా ఊపింది. పాపని మంచం మీద పడుకోబెట్టమంటే వినలేదు. కాళ్ళు తిమ్మిరెక్కుతాయి అన్నాను. "ఎక్కనీ. కాళ్ళు నావి కదా," అంది. పాప గుప్పిట అమ్మ వేలిని పట్టుకుని ఉంది. అమ్మ ఆ వేలు తప్ప ఒళ్ళంతా కదలకుండా, గోడకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. ఆ మొహం అంత దగ్గరగా, అంతసేపు, ఎవరి పిలుపుకీ ఉలిక్కిపడకుండా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

మూడవుతుంటే కంచంలో అన్నం కలుపుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నాను. అమ్మ రెండు చేతులూ ఖాళీ లేవు. ముద్ద చేసి నోటి దగ్గర పెట్టాను. ఇంతకుముందు ఎవరికీ అలా పెట్టలేదు. అమ్మ కళ్ళు తెరిచి, నన్ను చూసి, నోరు తెరిచింది. నమిలింది.

"ఉప్పు లేదే."

"వేశానమ్మా."

"అయితే ఇంకో ముద్ద పెట్టు, సూస్తాను."